పెట్టె అరువు, పూచీ సొంతం

యూనిటీలో ఆట తయారుచేస్తున్నవాళ్లకు కెమెరా కదలికల కోసం సినిమెషీన్ అనే భాగం కావాలి. ప్యాకేజీ మేనేజర్ తెరిచి, పేరు వెతికి, ఇన్‌స్టాల్ నొక్కుతారు. కాసేపట్లో ఆ భాగం ప్రాజెక్టులో చేరిపోతుంది. ఆ నొక్కుడు వెనక రిజిస్ట్రీతో నడిచే సంభాషణ ఆటల కోసం పుట్టింది కాదు. అది ఎన్‌పీఎం ప్రొటోకాల్. సర్వర్ల మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కోసం 2010లో ఐజాక్ ష్లూటర్ మొదలుపెట్టిన పనిముట్టుది. భాగం వివరాలు రాసే ఫైలు కూడా అక్కడి ప్యాకేజ్.జేసన్ ఫైలే. లోపలి కోడు మాత్రం సీ షార్ప్.

ఇలాంటివి ఇప్పుడు ఎటు చూసినా కనిపిస్తాయి. మాక్ వాడేవాళ్లు హోమ్‌బ్రూతో దించుకునే ప్రోగ్రాములు కంటైనర్ ఇమేజీల కోసం కట్టిన రిజిస్ట్రీలో ఉంటాయి. ద్రూపల్ వెబ్‌సైట్ల మాడ్యూళ్లు పీహెచ్‌పీ లైబ్రరీల కోసం రాసిన కంపోజర్ మీదుగా వస్తాయి. మల్లన్న, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు ఎన్‌పీఎం ప్యాకేజీలుగా దొరుకుతాయి. కొత్త రకం విడిభాగం పుట్టిన ప్రతిసారీ దాన్ని జనానికి చేర్చడానికి సరఫరా వ్యవస్థను పునాదుల నుంచి కట్టడం ఎవరికైనా తలకు మించిన పని. అందుకే ఉన్నదాన్ని మలచుకుంటారు.

ఆ మలచుకోవడం ఎక్కడ అతికింది, ఎక్కడ తెగింది? ముప్ఫై ఏళ్ల అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే ఒక విషయం తేటగా కనిపిస్తుంది. ఫైళ్లు పెట్టే పెట్టె, వెతికే సూచిక, దించే పద్ధతి ఒకచోటి నుంచి ఇంకోచోటికి సులువుగా వెళ్లిపోతాయి. వాటి వెనక ఉన్న పూచీలు వెళ్లవు. వెర్షన్ సంఖ్యకు అర్థం ఏమిటి, ఒకే భాగం రెండు వెర్షన్లలో పక్కపక్కన బతకగలదా, పేరు ఎవరి సొత్తు, ప్రచురించినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా అన్నవాటిని కొత్త చోట కొత్తగా తేల్చుకోవాలి. తేల్చుకోనిచోటే దెబ్బలు తగిలాయి.

విడిభాగాలుగా సాఫ్ట్‌వేర్ అనే ఆశ పాతదే. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో జరిపిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సులో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్ మెక్‌ఇల్‌రాయ్, మిగతా పరిశ్రమలకు ఉన్నట్టే సాఫ్ట్‌వేర్‌కూ విడిభాగాల పరిశ్రమ ఉండాలని వాదించాడు. కేటలాగ్ చూసి, కావలసిన కచ్చితత్వం, వేగం ఎంచుకుని భాగాన్ని తెచ్చుకోగలగాలన్నది ఆయన కోరిక. అలాంటి కేటలాగ్ జనం చేతికి రావడానికి పాతికేళ్లు దాటింది. 1995లో పెర్ల్ భాషవాళ్లు సీపాన్ తెరిచారు. దానికి నమూనా, అక్షరకూర్పు వ్యవస్థ అయిన టెక్ వాడేవాళ్లు అప్పటికే నడుపుతున్న సీటాన్ భాండాగారం. అంటే భాషల ప్యాకేజీ భాండాగారాల్లో తొలినాళ్ల ప్రఖ్యాతమైనదే ఒక మలచుకోలు.

అదే దశకంలో ఇంకో దారి తయారైంది. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. డీపీకేజీ అనే పనిముట్టు ఒక్కో ప్యాకేజీని పెట్టేది, తీసేది. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో ఆప్ట్ అధికారికంగా చేరాక, ఒక ప్యాకేజీ అడిగితే దానికి కావలసిన మిగతావన్నీ వాటంతట అవే రావడం మొదలైంది. అంతకుముందు లినక్స్ వాడినవాళ్లకు తెలుసు: ఒకటి పెట్టబోతే ఇంకొకటి లేదంటుంది, దాన్ని తెస్తే మూడోది అడుగుతుంది, సాయంత్రమంతా దానికే సరిపోతుంది.

పైకి డెబియన్, సీపాన్ చేసే పని ఒకటే. ఇచ్చే మాట మాత్రం ఒకటి కాదు. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ బాధ్యత తీసుకునే నిర్వాహకులు ఉంటారు. లైబ్రరీకి సాధారణంగా ఒకే వెర్షన్ ఉంటుంది. విడుదలకు ముందు మార్పులు ఆపి మొత్తాన్ని కలిపి పరీక్షిస్తారు. ఇవన్నీ కలిసి పనిచేస్తాయి, భద్రతా లోపం బయటపడితే సవరణ పంపుతాం అని అక్కడ మాట ఇస్తారు. ఎన్‌పీఎం, పైపీఐ లాంటి భాషల రిజిస్ట్రీల్లో ఎవరైనా ఖాతా తెరిచి ఏదైనా ప్రచురించవచ్చు. ఈ పేరుకు, ఈ సంఖ్యకు ఈ ఫైలు వస్తుంది అన్నంతవరకే అక్కడి మాట. ఈ తేడా గుర్తుపెట్టుకోకుండా ఒకదాని అలవాట్లను రెండోదాని మీద వేసుకోవడమే చాలా ఇబ్బందులకు మూలం.

మొదట, బాగా అతికిన సంగతి.

ఒక భాగానికి ఇంకో మూడు కావాలి, ఆ మూడింటికి మరో పది. ఒకటి 2.0 పైనే కావాలంటుంది, ఇంకొకటి 3.0 వస్తే పనిచేయనంటుంది. అందరి షరతులకూ సరిపోయే వెర్షన్ల కూర్పు ఉందా, ఉంటే ఏది? వినడానికి చిన్న ప్రశ్నే గానీ, సాధారణ రూపంలో ఇది ఎన్‌పీ-కంప్లీట్ సమస్య. యూరప్‌లో లినక్స్ పంపిణీల మీద పనిచేసిన ఎడోస్ పరిశోధకులు 2000ల మధ్యలోనే దీన్ని రుజువు చేశారు. ప్యాకేజీలు పెరిగేకొద్దీ గుడ్డిగా వెతికే పద్ధతి ఎప్పుడో ఒకప్పుడు చతికిలపడుతుంది.

2008లో ఓపెన్‌సూసే 11.0 తన ప్యాకేజీ పనిముట్టులో శాట్ సాల్వర్‌ను పెట్టింది. తర్కశాస్త్రంలో అప్పటికే రాటుదేలిన సాధన అది. కంపోజర్ రూపకర్తలు ఆ సాల్వర్ పద్ధతినే పీహెచ్‌పీలో తిరగరాసుకున్నారు. దాని వారసుడు లిబ్‌సాల్వ్ ఫెడోరాలోని డీఎన్‌ఎఫ్‌లోకి వెళ్లింది, శాస్త్ర గణనలో వాడే మాంబాలోకీ వెళ్లింది. ఇంకో పాయ 2018లో డార్ట్ భాష కోసం నాటలీ వైజెన్‌బామ్ రూపొందించిన పబ్‌గ్రబ్. కూర్పు కుదరకపోతే ఎందుకు కుదరలేదో మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం దాని ప్రత్యేకత. రూబీ బండ్లర్, స్విఫ్ట్ ప్యాకేజీ మేనేజర్, పైథాన్ లోకంలో పొయెట్రీ, యూవీ ఆ బాటే పట్టాయి. భాష మారినా, సమాజం మారినా, సాల్వర్ చెక్కుచెదరకుండా పనిచేసింది. దాని షరతులన్నీ గణితంలో స్పష్టంగా రాసి ఉన్నాయి కాబట్టి, దాచిన పూచీ ఏదీ లేదు కాబట్టి.

గో భాష ఇంకో తోవ తొక్కింది. రస్ కాక్స్ 2018లో ప్రతిపాదించిన పద్ధతిలో ఒక్కో మాడ్యూల్ తనకు కావలసిన కనీస వెర్షన్ మాత్రమే చెబుతుంది. ఆ కనీసాల్లో పెద్దదాన్ని తీసుకుంటారు. గరిష్ఠ హద్దు చెప్పే హక్కును వదులుకోవడంతో ఆ కఠినమైన సమస్యే పుట్టదు. ఇన్ని సాల్వర్ల మధ్య ఈ నిగ్రహం మెచ్చుకోదగినది.

ఎన్‌పీఎం తొలినాళ్లలో సమస్యను వేరేలా దాటేసింది. రెండు భాగాలకు ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లలో కావాలా? రెండూ పెట్టు, ఎవరి ఫోల్డర్లో వాళ్లకు. సర్వర్‌లో డిస్కు చవక కనుక ఇది హాయిగా నడిచింది. తర్వాత అదే పనిముట్టు బ్రౌజర్‌లోకి వచ్చింది. ట్విట్టర్‌లో 2012లో పుట్టిన బౌవర్, బ్రౌజర్‌కు ఒకే ప్రతి ఉండాలనే నియమం పెట్టుకుని కొన్నేళ్లు నడిచింది. చివరికి జనమంతా ఎన్‌పీఎం వైపే మళ్లారు. సర్వర్ కాలపు పూచీ అక్కడ తెగింది. ఒకే పేజీలోకి రియాక్ట్ రెండు ప్రతులు చేరితే హుక్స్ పనిచేయవు. తప్పు ఎక్కడుందో కచ్చితంగా చెప్పని ఎర్ర సందేశం ఒకటి వస్తుంది. బరువు పెరగడం ఒక్కటే కాదు నష్టం, ప్రోగ్రామే తప్పుగా నడుస్తుంది. ప్లగిన్‌లదీ ఇదే తంతు: అతిథేయ ప్రోగ్రాము ఒక్కటే ఉంటుంది, దానికి తగులుకునేవి పది ఉంటాయి. దీనికోసమే పీర్ డిపెండెన్సీ అనే అతుకు వేశారు. అంటే, ఇది నాకు కావాలి గానీ నేను తెచ్చుకోను, ఇంట్లో ఉన్నదే వాడతాను అని చెప్పడం. 2020లో వచ్చిన ఎన్‌పీఎం 7వ వెర్షన్ వాటిని తనంతట తానే పెట్టడం మొదలుపెట్టాక, పాత ప్రాజెక్టులు ఎన్నో షరతులు కుదరక మొరాయించాయి.

యూనిటీ తెలివి ఇక్కడే తెలుస్తుంది. రిజిస్ట్రీ ప్రొటోకాల్ తీసుకుంది, ఫైలు రూపం తీసుకుంది. చదివే నియమాలు మాత్రం మార్చేసింది. ప్రాజెక్టులో ఒక ప్యాకేజీకి ఒకే వెర్షన్. ఎన్‌పీఎంలో మామూలైన వెర్షన్ శ్రేణులు ఇక్కడ చెల్లవు, ఫలానా వెర్షన్ అని రాయవలసిందే. ఒకే పేరున్న సీ షార్ప్ అసెంబ్లీలు రెండు పెడితే తగాదా తప్పదని వాళ్లకు తెలుసు.

ద్రూపల్ కథ ఇంతకంటే కష్టమైనది, అందుకే ఎక్కువ నేర్పుతుంది. ద్రూపల్ మాడ్యూళ్లకు ఏళ్ల తరబడి సొంత సంఖ్యా పద్ధతి ఉండేది. 8.ఎక్స్-1.2 అంటే ద్రూపల్ 8తో పనిచేసే మాడ్యూల్, అందులో 1.2వ విడుదల. ఒకే సంఖ్యలో రెండు సంగతులు. కంపోజర్‌కు ఈ బాణీ అర్థం కాదు. దానికి కావలసింది మూడంకెల సెమాంటిక్ వెర్షన్: అనుకూలత తెగే మార్పు వస్తే మొదటి అంకె, కొత్త సదుపాయం వస్తే రెండోది, దిద్దుబాటుకు మూడోది పెరగాలి. ద్రూపల్ సంస్థ మధ్యలో ఒక అనువాద పొర పెట్టింది. అది 8.ఎక్స్-1.2ను కంపోజర్‌కు 1.2.0గా చూపించేది. రెండో చిక్కు చోటుది. కంపోజర్ అన్నింటినీ వెండర్ ఫోల్డర్లో పడేస్తుంది, ద్రూపల్ తన మాడ్యూళ్లను మాడ్యూల్స్ ఫోల్డర్లోనే వెతుకుతుంది. ప్యాకేజీ రకాన్ని చూసి తగిన చోట పెట్టే అదనపు ప్లగిన్ దాన్ని తీర్చింది. 2020లో ద్రూపల్ 9 వచ్చేవేళకు, 8తోనూ 9తోనూ పనిచేసే మాడ్యూల్‌ను పాత సంఖ్యలో చెప్పడం అసాధ్యమైంది. అప్పుడు సమాజం సెమాంటిక్ వెర్షనింగ్‌కు తలుపు తెరిచి, ఏ ద్రూపల్‌తో పనిచేస్తుందన్న సంగతిని సంఖ్యలోంచి తీసి వివరాల ఫైలుకు మార్చింది. పనిముట్టును మలచడానికి బయలుదేరినవాళ్లు చివరికి తమ అలవాటునే మలచుకున్నారు. ఇది ఓటమి కాదు. రెండు సంగతులను ఒకే సంఖ్యలో కుక్కడం మొదటి నుంచీ పొరపాటే, కంపోజర్ దాన్ని బయటపెట్టింది.

కోడు వట్టి పాఠ్యంగా ఉన్నంతవరకు ఇవన్నీ తీరే చిక్కులే. యంత్రభాషలోకి మారిన భాగాలు వచ్చినప్పుడు సంగతి మారుతుంది. పైథాన్‌లో నంపై, సైపై లాంటివి లోపల సీ, ఫోర్ట్రాన్ కోడుతో నిండి ఉంటాయి. పైథాన్ ప్యాకేజీలు దించే పనిముట్టు పిప్‌కు ఆ ప్యాకేజీల పేర్లు తెలుసు. కింద ఉన్న గణిత లైబ్రరీ పేరు, కంపైలర్ పేరు దానికి తెలియవు. వీల్ అనే రూపం దీన్ని సర్దింది: కావలసిన లైబ్రరీలను ప్యాకేజీలోనే కట్టి పంపడం. వాడేవాళ్లకు అది పెద్ద మేలు. అయితే ఓపెన్‌బ్లాస్ అనే గణిత లైబ్రరీ ప్రతిని నంపై ఒకటి, సైపై ఇంకో ప్రతిని మోసుకొస్తే రెండూ ఒకే ప్రోగ్రాములో కూర్చుంటాయి. 2012లో వచ్చిన కోండా అందుకే భాషతో సంబంధం లేకుండా అన్నింటినీ ప్యాకేజీలుగానే చూసింది. సూపర్‌కంప్యూటర్ల కోసం అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో టాడ్ గాంబ్లిన్ మొదలుపెట్టిన స్పాక్ ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ వెర్షన్ ఒక్కటి చెబితే చాలదు. ఏ కంపైలర్, ఏ ఎంపీఐ, ఏ ఐచ్ఛికాలు అన్నవి కూడా గుర్తింపులో భాగమే. నిక్స్ మరీ తెగువ చేసింది. ఈల్కో డోల్‌స్ట్రా 2006లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ప్రకారం, ప్యాకేజీ నిలిచే చోటు పేరులోనే దాన్ని తయారుచేసిన ముడిసరుకంతటి హాష్ ఉంటుంది. ఒక్క ఇన్‌పుట్ మారితే చిరునామాయే మారుతుంది. ఎన్ని ప్రతులైనా గొడవ లేకుండా పక్కపక్కన ఉంటాయి. నేర్చుకోవడం కష్టమన్న పేరు నిక్స్‌కు ఉంది, అది నిజం కూడా. అయినా ఒక భాగం కచ్చితంగా ఏది అన్న ప్రశ్నకు ఇంత నిజాయతీ గల జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు.

హాష్‌తో గుర్తించే ఆలోచన కంటైనర్ రిజిస్ట్రీల్లోనూ ఉంది. 2013లో డాకర్ తెచ్చిన ఊపు, ఆ తర్వాత కంటైనర్ల కోసం వచ్చిన ఓసీఐ ప్రమాణాలు కలిసి ప్రతి క్లౌడ్ కంపెనీ దగ్గరా ఒక రిజిస్ట్రీ ఉండేలా చేశాయి. ఉన్న పెట్టె ఖాళీగా ఎందుకుండాలి? 2021లో బిన్‌ట్రే సేవ మూతపడుతుందని తెలియగానే హోమ్‌బ్రూ తన బైనరీలను గిట్‌హబ్ కంటైనర్ రిజిస్ట్రీకి తరలించింది. కుబర్నెటీస్ లోకంలో హెల్మ్ చార్టులు 2022 నుంచి పూర్తి స్థాయిలో ఓసీఐ రిజిస్ట్రీల్లో ఉండగలుగుతున్నాయి. వెబ్‌అసెంబ్లీ కాంపోనెంట్లదీ అదే దారి. ఈ రిజిస్ట్రీలకు డిపెండెన్సీ అంటే ఏమిటో తెలియదు. హోమ్‌బ్రూ ఆ తెలివిని గిట్‌లో ఉండే తన ఫార్ములాల్లోనే ఉంచుకుంది. బరువు మాత్రమే బయటికి పంపింది. వెబ్‌అసెంబ్లీ కాంపోనెంట్ తనకేం కావాలో, తానేం ఇస్తుందో ఇంటర్‌ఫేస్ రూపంలో తన లోపలే మోసుకెళుతుంది. రెండూ సరైన పద్ధతులే.

వెర్షన్‌కు పేరుగా తగిలించే ట్యాగుల దగ్గరే ప్రమాదం. మేవెన్ సెంట్రల్‌లో ఒక వెర్షన్ ఒకసారి ప్రచురిస్తే దాన్ని మార్చలేరు. కంటైనర్ ట్యాగును ఇవాళ ఒక ఇమేజీ మీద, రేపు ఇంకోదాని మీద పెట్టవచ్చు. గిట్ ట్యాగూ అంతే. బిల్డులు, పరీక్షలు వాటంతట అవే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ గిట్ ట్యాగులనే పంపిణీ మార్గంగా వాడుకుంటుంది. 2025 మార్చిలో వేల ప్రాజెక్టులు వాడే ఒక యాక్షన్‌ను దుండగులు చేజిక్కించుకుని, దాని పాత వెర్షన్ల ట్యాగులన్నింటినీ తమ చెడ్డ కోడు వైపు తిప్పారు. ఎప్పుడో పరీక్షించి నమ్మిన వెర్షన్ సంఖ్యే రాత్రికి రాత్రి ఇంకొకటైపోయింది. ట్యాగు బదులు కమిట్ హాష్ రాసుకున్నవాళ్లు తప్పించుకున్నారు.

తెలుగుకు ఈ కథతో సంబంధం అక్షరాల దగ్గర ఉంది. తెలుగులో పనిచేసే కంప్యూటర్ కోసం స్వేచ్ఛ సంస్థ లినక్స్ పంపిణీని తయారుచేసినప్పుడు దానికి ఆధారం డెబియనే. డెబియన్‌లో తెలుగు ఫాంట్లు ప్యాకేజీలుగా ఉన్నాయి: తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఉన్నాయి, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు విజయం ఫాంట్లకు వేరే ప్యాకేజీ ఉంది. వెబ్ వైపు ఫాంట్‌సోర్స్ అనే సామూహిక ప్రాజెక్టు గూగుల్ ఫాంట్స్‌లోని కుటుంబాలను ఒక్కొక్కటిగా ఎన్‌పీఎం ప్యాకేజీలుగా కట్టి ఇస్తోంది. తెలుగు అక్షరాలు ఒక ముక్కగా, లాటిన్ అక్షరాలు ఇంకో ముక్కగా విడదీసి, పేజీకి కావలసినదే దిగేలా. వార్తాసైటు నడిపేవాళ్లకు ఇది నిజమైన లాభం. ఫాంట్ ఎక్కడో బయటి సర్వర్ నుంచి చెప్పాపెట్టకుండా మారిపోదు, కోడుతో పాటు లాక్‌ఫైల్లో బిగిసి ఉంటుంది.

మరి ఫాంట్‌కు సెమాంటిక్ వెర్షన్ ఎలా ఇవ్వాలి? ఒక వత్తు దిగే లోతు సరిచేశారు. అది దిద్దుబాటే కదా అని చివరి అంకె పెంచవచ్చు. ప్రోగ్రామేదీ విరగదు. కానీ వరుసల ఎత్తు మారుతుంది, అట్ట మీద పేరు రెండో వరుసలోకి జారుతుంది, అచ్చుకు సిద్ధమైన పుస్తకంలో పుటలే మారిపోవచ్చు. కోడు కోసం రాసిన నియమం రూపానికి సరిపోదు. అక్షరాల వెడల్పు, ఎత్తు మారే ఏ మార్పునైనా పెద్ద మార్పుగానే లెక్కించాలి. పుస్తకాలు కూర్చేవాళ్లను అడిగితే ఇంకో మాట చెప్పరు.

ఇక వెనక్కి తీసుకునే హక్కు. 2016 మార్చి 22న ఒక ప్రోగ్రామర్, ప్యాకేజీ పేరు మీద వచ్చిన తగాదాలో మనసు విరిగి, ఎన్‌పీఎం నుంచి తన ప్యాకేజీలు 273ను తీసేశాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి. వాక్యానికి ఎడమవైపు ఖాళీలు నింపే 11 వరుసల కోడు. దాని మీద ఆధారపడ్డవాటి మీద ఆధారపడ్డ బేబెల్ వంటి పెద్ద పనిముట్ల బిల్డులు ప్రపంచమంతా ఆగిపోయాయి. ఎన్‌పీఎం అదే రోజు దాన్ని తిరిగి పెట్టింది, ఆ తర్వాత 24 గంటలు దాటిన ప్యాకేజీని తీసేయడం మీద ఆంక్షలు పెట్టింది. రచయిత హక్కుకూ, దాని మీద కట్టుకున్నవాళ్ల అవసరానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది అప్పటిదాకా అక్కడ ఎవరూ గట్టిగా అడగలేదు. రస్ట్ భాష రిజిస్ట్రీలో ఉన్న యాంక్ పద్ధతి ఇందుకు మేలైన జవాబు: కొత్తగా ఎంచుకునేవాళ్లకు ఆ వెర్షన్ కనబడదు, లాక్‌ఫైల్లో ఇప్పటికే ఉన్నవాళ్లకు మాత్రం దిగుతూనే ఉంటుంది. కంపెనీ లోపల సొంత రిజిస్ట్రీ పెట్టుకునేవాళ్లు మొదటి రోజే రాసుకోవలసిన నియమం ఇది. చాలా చోట్ల ఇది రాసి ఉండదు.

పేర్ల సంగతి ఇంకా పదునైనది. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే భద్రతా పరిశోధకుడు ఒక ప్రయోగం వెల్లడించాడు. పెద్ద కంపెనీలు తమ లోపలి భాగాలకు వాడే ప్యాకేజీ పేర్లు బయటి ఫైళ్లలో అక్కడక్కడా కనిపించాయి. అవే పేర్లతో అతను బహిరంగ రిజిస్ట్రీల్లో ప్యాకేజీలు పెట్టాడు, వెర్షన్ సంఖ్య పెద్దదిగా ఇచ్చాడు. ఆ కంపెనీల బిల్డ్ యంత్రాలు లోపలిదాన్ని వదిలి బయటిదాన్ని దించుకున్నాయి. ఆపిల్, మైక్రోసాఫ్ట్ సహా 35కు పైగా సంస్థల్లోకి అతని కోడు ఇలా వెళ్లగలిగింది. ఎక్కడా తాళం పగలలేదు. బహిరంగ భాగాల కోసం చేసిన పనిముట్టును లోపలి భాగాలకు మలచుకున్నప్పుడు, ఒకే పేరు రెండు చోట్ల ఉంటే ఎవరిది చెల్లుతుందని ఎవరూ తేల్చుకోలేదు, అంతే. జావా లోకంలో మేవెన్ సెంట్రల్ పేరుకు ముందు డొమైన్‌ను చేర్చి, ఆ డొమైన్ తమదేనని రుజువు అడుగుతుంది. టైపు చేయడానికి పొడుగైన పేర్లని వెక్కిరించినవాళ్లు చాలామందే; ఆ పొడుగులోనే రక్షణ ఉంది. ఇప్పుడు కోడు రాసే భాషా నమూనాలు లేని ప్యాకేజీ పేర్లను ఉన్నట్టుగా సూచిస్తుంటే, ఎవరైనా ముందే ఆ పేరు పట్టేసి ఉచ్చు పెట్టే ప్రమాదం కొత్తగా చేరింది.

దాడులు ఇంతటితో ఆగలేదు. 2018లో ఈవెంట్‌స్ట్రీమ్ ప్యాకేజీ బాధ్యత, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడి చేతికి వెళ్లింది. బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడు అందులో దూరింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని తవ్వుకుంటూ వెళ్లిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నాడు. ఆ దొంగదారిని రగిలించే వరుస గిట్‌లో లేదు. విడుదల కోసం కట్టిన టార్ మూటలో మాత్రమే ఉంది. అందరూ చదవగలిగే కోడుకూ, అందరికీ చేరే మూటకూ మధ్య ఉన్న సందులో అది దాక్కుంది. చెడ్డ వెర్షన్లు డెబియన్ పరీక్షా శాఖల్లోకి వెళ్లాయి గానీ స్థిర విడుదలలోకి చేరలేదు. నెమ్మది అని చాలామంది విసుక్కునే డెబియన్ ఆలస్యమే అక్కడ కాపాడింది.

2025 సెప్టెంబరులో ఎన్‌పీఎంలో షాయ్‌హులూద్ అనే పురుగు పాకింది. ప్యాకేజీ పెట్టగానే దానంతటదే నడిచే స్క్రిప్టు ద్వారా రహస్య కీలు దొంగిలించి, ఆ కీలతో అదే రచయిత మిగతా ప్యాకేజీల్లోకి తనను తాను ప్రచురించుకుంది. భాగాన్ని దించడం, దాని కోడును నడపడం ఒకే మెట్టులో జరిగిపోవడమే దానికి దారి. పీఎన్‌పీఎం 2025 మొదట్లో వచ్చిన 10వ వెర్షన్‌లోనే డిపెండెన్సీల స్క్రిప్టులు వాటంతటవి నడవకుండా ఆపేసింది. ఆ సెప్టెంబరులో, వెర్షన్ విడుదలై ఇంతసేపు గడిచాకే దించుకో అని చెప్పుకునే వీలు కూడా చేర్చింది. డెబియన్‌కు పుట్టుకతో వచ్చిన నిదానం, భాషల పనిముట్లలోకి ఇలా వెనకదారిన చేరుతోంది. ఇంతకుముందు పెట్టె ఒక్కటే అరువు తెచ్చుకునేవారు. ఇప్పుడు మొదటిసారిగా పూచీనీ అరువు తెచ్చుకునే ప్రయత్నం కనబడుతోంది. ఇది మంచి మలుపు.

ప్రభుత్వాలూ కళ్లు తెరిచాయి. సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో చెప్పే జాబితా, అంటే ఎస్‌బామ్, అడిగే ధోరణి 2021లో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో ఊపందుకుంది. మన దేశంలో సర్ట్-ఇన్ 2024 అక్టోబరులో దీనిపై సాంకేతిక మార్గదర్శకాలు ఇచ్చింది. హైదరాబాద్‌లో ప్రభుత్వ శాఖలకు, బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలకు ఇది దూరపు సంగతి కాదు. జాబితా ఇవ్వాలంటే ప్రతి భాగానికీ తిరుగులేని గుర్తింపు ఉండాలి. అరువు పెట్టెలో, తిప్పగల ట్యాగుతో, రెండు చోట్ల ఒకే పేరుతో ఉన్న భాగానికి ఆ గుర్తింపు ఇవ్వలేరు.

ఈ వరుసలో తాజాది, భాషా నమూనాలకు బయటి పనిముట్లను తగిలించే ఎంసీపీ సర్వర్ల రిజిస్ట్రీ. 2025 సెప్టెంబరులో ప్రయోగదశలో తెరుచుకున్న ఈ రిజిస్ట్రీ తన దగ్గర సరుకేమీ పెట్టుకోదు. సరుకు ఎన్‌పీఎంలోనో పైపీఐలోనో కంటైనర్ రిజిస్ట్రీలోనో ఉంటుంది. ఇక్కడ ఉండేది వివరం, పేరు. ఆ పేరు గిట్‌హబ్ ఖాతాతోనో డొమైన్‌తోనో రుజువు కావాలి. ఎన్‌పీఎంలో ఉన్న ప్యాకేజీ కూడా తన ఫైల్లో అదే పేరు ప్రకటించి ఉండాలి. పాత దెబ్బల నుంచి నేర్చుకున్నట్టు కనిపించే పొందిక. వెర్షన్ ప్రశ్న మాత్రం అక్కడా తెరిచే ఉంది. ఈ భాగాలను వాడేది కంపైలర్ కాదు, పనిముట్టు వివరణను చదివి ఏం చేయాలో తేల్చుకునే నమూనా. కోడులో ఒక్క అక్షరం మారకుండా ఆ వివరణలో ఒక వాక్యం మారితే నమూనా నడవడిక మారిపోవచ్చు. సెమాంటిక్ వెర్షనింగ్ లెక్కలో అది చివరి అంకె పెరిగే దిద్దుబాటు. వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే అది మొదటి అంకె మార్పు. వేరే నియమం కుదిరేదాకా ఆ రచయితలు మొదటి అంకెనే పెంచడం మేలు.